కట్టు విప్పాక ఎంత కనిపిస్తోంది?

ఊళ్ళో కంటి క్యాంపు పెట్టిన మర్నాడు పేపర్లో వచ్చే వార్త ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. ఇంతమందికి పరీక్షలు చేశారు, ఇంతమందికి శుక్లం ఉందని తేల్చారు, ఇంతమందిని బస్సెక్కించి ఆపరేషన్‌కు పంపించారు. పక్కన ఒక ఫోటో ఉంటుంది. బెంచీ మీద వరసగా కూర్చున్న పెద్దవాళ్ళు, ఒక్కొక్కరికి ఒక కంటి మీద తెల్లటి కట్టు. ఆ ఫోటోలో ఉన్నవాళ్ళకు నెలన్నర తరువాత చూపు ఎంత వచ్చిందన్న వార్త మాత్రం వెతికినా దొరకదు.

ఇది పేపర్ల తప్పు కాదు. ఆసుపత్రి రిజిస్టర్‌లో ముందు రాసుకునేదీ, పై అధికారి ఫోన్ చేసి అడిగేదీ, డబ్బిచ్చిన దాత తెలుసుకోవాలనుకునేదీ ఆపరేషన్ల అంకెనే. లెక్కపెట్టడం తేలిక కాబట్టి ఆపరేషన్లను లెక్కపెడుతున్నారు. కానీ ఆ బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఇల్లు వదిలి వచ్చింది మనవడి మొహం కనపడాలని, తెల్లారకముందే లేచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పొలం గట్టు మీద నడవాలని. ఆయన కోరింది చూపు. మనం రాసుకుంటున్నది ఆపరేషన్. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో కొలవనంత కాలం, వైద్యానికి పెట్టిన డబ్బుకు తగిన ఫలితం వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు.

వైద్యం విలువను రోగికి దక్కిన ఫలితంతో కొలవాలన్న మాట ఇప్పుడు చాలా చోట్ల వినిపిస్తోంది. గుండె, క్యాన్సర్, కాన్పు, మోకాళ్ళు అన్నీ కలిపి మాట్లాడితే మాత్రం ఏదీ తేలదు. శుక్లం ఆపరేషన్ ఒక్కదాన్నే తీసుకుంటే విషయం చేతికి అందుతుంది. మన దేశంలో ఇంత ఎక్కువగా జరిగే ఆపరేషన్లు చాలా తక్కువ. ఫలితం చూడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, గోడకు తగిలించిన ఒక బోర్డు చాలు. పైగా ఆ కొలత తెలుగు నేల మీద ఒకసారి గట్టిగా జరిగింది కూడా.

ఆ బోర్డు అందరూ చూసిందే. ఆరు మీటర్ల దూరంలో కూర్చోబెడతారు. ఒక కన్ను అరచేత్తో మూసుకోమంటారు. చదువుకున్నవాళ్ళకు అక్షరాల బోర్డు, చదువు రానివాళ్ళకు ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులా తిప్పి వేసిన బోర్డు. మూడు కాళ్ళు ఎటు వైపు ఉన్నాయో చేత్తో చూపిస్తే సరిపోతుంది. పై నుంచి కిందికి వచ్చేకొద్దీ గుర్తులు చిన్నవవుతాయి. కేస్ షీట్ మీద 6/18 అని రాశారంటే, మామూలు కన్ను 18 మీటర్ల దూరం నుంచి చదవగలిగే వరసను ఈ కన్ను 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేదని అర్థం. అన్నిటికన్నా పైన ఉండే పెద్ద అక్షరం 6/60. అదీ కనపడకపోతే దగ్గరికి వచ్చి వేళ్ళు చూపించి ‘ఎన్ని?’ అని అడుగుతారు. వేళ్ళు తెలియకపోతే చెయ్యి ఊపుతారు. అదీ తెలియకపోతే టార్చి వేసి, వెలుగు ఎటు నుంచి వస్తోందో చెప్పమంటారు. ఒక మనిషి లోకం ఎంత చిన్నదైపోయిందో ఈ నాలుగు మెట్లలో తెలిసిపోతుంది.

1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శుక్లం ఆపరేషన్ ఫలితానికి ఒక గీత గీసింది. ఆపరేషన్ అయిన ప్రతి వంద కళ్ళలో కనీసం 80 కళ్ళు, ఆ మనిషి దగ్గర అప్పటికి ఉన్న కళ్ళజోడుతో, జోడు లేకపోతే ఉట్టి కంటితో, 6/18 లేదా అంతకన్నా బాగా చూడాలి. 6/60 కూడా అందని కళ్ళు వందకు ఐదు దాటకూడదు. సరైన అద్దాలు పెట్టి పరీక్షిస్తే బాగా చూసేవి 90కి తగ్గకూడదు. ఇందులో ‘ఆ మనిషి దగ్గర అప్పటికి ఉన్న కళ్ళజోడుతో’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. డాక్టరు గదిలో పరీక్ష ఫ్రేమ్ పెట్టి నాలుగు అద్దాలు మార్చి 6/9 తెప్పించడం వేరు, ఆ పెద్దావిడ సంతలో టమాటాలు ఏరుకుంటున్నప్పుడు ఆమె కంటికి ఎంత కనిపిస్తోందన్నది వేరు. రోగికి అక్కరకొచ్చేది రెండోదే. ఆ మార్గదర్శకం రెండింటినీ అడిగింది, కానీ మొదట అడిగింది సంతలో చూపు గురించే.

ఆ గీత గీసేనాటికి మన దేశం పరుగు మీద ఉంది. అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు అప్పుతో ఏడు రాష్ట్రాల్లో శుక్లం ఆపరేషన్ల మీద పెద్ద ప్రాజెక్టు నడిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. కోటీ పది లక్షల ఆపరేషన్లు లక్ష్యం పెట్టుకుంటే కోటిన్నర దాటాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. చూపు పూర్తిగా పోయి ఇంట్లో ఒక మూల కూర్చున్న లక్షల మంది లేచి తిరిగారు. మసకబారిన కటకం తీసి కంటి లోపలే లెన్స్ వేసే పద్ధతి పల్లె మనుషుల దాకా వచ్చింది కూడా ఆ ఏళ్ళలోనే.

అంతకు ముందు మాట వేరు. బడి గదుల్లో, కల్యాణ మండపాల్లో క్యాంపులు పెట్టి, మసకబారిన కటకాన్ని తీసేసి, దాని బదులు సోడాబుడ్డి అద్దాలు చేతిలో పెట్టి పంపేవారు. ఆ అద్దాలు పెట్టుకుంటే మొహాలు కనిపించేవి. కానీ అన్నీ ఉన్నదానికన్నా పెద్దగా కనిపించేవి, పక్కకు చూస్తే వంకరగా కనిపించేవి. మెట్టు ఎంత కింద ఉందో అంచనా దొరికేది కాదు. ఒక కంటికే ఆపరేషన్ అయినవాళ్ళకు రెండు కళ్ళూ కలిసి పనిచేసేవి కావు. అద్దం పగిలిందంటే మళ్ళీ చూపు పోయినట్టే, కొత్తది కొనుక్కునే దాకా. ఇంట్లోవాళ్ళు గుడ్డి కన్నా మెల్ల నయం కదా అని సరిపెట్టుకున్నారు. లెక్కల పుస్తకంలో మాత్రం అదీ ఒక ఆపరేషనే, లోపల లెన్స్ వేసి 6/9 చూపు తెప్పించినదీ ఒక ఆపరేషనే. రెండింటికీ ఒకే గీత.

ఈ లెక్కకు బయట నిలబడి చూసిన పని హైదరాబాద్‌లో జరిగింది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు రాష్ట్రంలో కంటి జబ్బుల మీద సర్వే చేసింది. హైదరాబాద్ నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఎంపిక చేసిన చోట్ల 10,293 మందిని పరీక్షించారు. అప్పటి రాష్ట్ర జనాభాలో 1.84 శాతం మందికి చూపు లేదని, అందులో 44 శాతం శుక్లం వల్లేనని తేలింది. ఈ అంకెలు అప్పట్లో బాగానే ప్రచారమయ్యాయి. అంతగా చర్చకు రానిది ఇంకొకటి ఉంది. అదే సర్వేలో అప్పటికే శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు కూడా ఎదురయ్యారు. వాళ్ళ కళ్ళనూ అదే బోర్డు ముందు పరీక్షించారు. హైదరాబాద్ నగరంలోనే, ఆపరేషన్ అయిన కళ్ళలో దాదాపు ఐదింట ఒకటి 6/60 కూడా చూడలేకపోయింది. వందకు ఐదు దాటకూడదన్న చోట సుమారు ఇరవై.

ఆసుపత్రుల్లో ఇది ఎందుకు బయటపడలేదు? ఆసుపత్రికి తెలిసేది మళ్ళీ వచ్చినవాళ్ళ సంగతే. బాగా కనిపిస్తున్నవాళ్ళు ఇంకెందుకని రారు. అసలు కనపడనివాళ్ళు మన రాత ఇంతే అనుకుని రారు. సర్వే బృందం ఇంటిముందుకు వెళ్ళింది కాబట్టి, ఏ ఆసుపత్రిలో ఏ ఏడాది ఆపరేషన్ అయినా, ఎవరు చేసినా, ఇప్పుడు ఆ కన్ను ఏం చూస్తోందో రాసుకోగలిగింది. ఫలితాన్ని కొలవడం అంటే ఆసుపత్రి గుమ్మం దాటి వెళ్ళడమేనని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ మన దగ్గర ఇంకోటి లేదు.

అయితే ఇరవై అన్న అంకె ఒక్కటే చేతికిస్తే దానితో ఎవరూ ఏమీ చెయ్యలేరు. ‘కనపడట్లేదు’ అన్న ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు కథలుంటాయి. కొలత విలువంతా వాటిని విడదీయడంలోనే ఉంది.

మొదటిది, ఆపరేషన్ బాగానే జరిగినా కంటి లోపల వేరే జబ్బు ఉండటం. నీటికాసులతో (గ్లకోమాతో) కంటి నరం దెబ్బతిని ఉండొచ్చు, షుగర్ వల్ల కంటి వెనక తెర, అంటే రెటీనా, పాడై ఉండొచ్చు. కెమెరాకు కొత్త అద్దం బిగించినా లోపల రీలు పాడైపోతే ఫోటో పడదు. ఇలాంటి కేసులు ఎక్కువ ఉన్నాయంటే తప్పు ఆపరేషన్ గదిలో లేదు, ముందు చేసిన పరీక్షలో ఉంది. కొన్నిసార్లు అక్కడా తప్పు ఉండదు. కొంచెం చూపు వచ్చినా ఆ మనిషికి మేలేనని తెలిసే చేస్తారు. అప్పుడు ఆ మాట ఇంటివాళ్ళకు ముందే విడమరిచి చెప్పారా లేదా అన్నదే ప్రశ్న.

రెండోది, చేతి పని. కటకాన్ని పట్టి ఉంచే సన్నని సంచి చిరగడం, లోపలి జిగురు ముందుకు రావడం, ఇన్ఫెక్షన్ సోకడం. వీటికి మందు డాక్టరు శిక్షణ, మైక్రోస్కోపు, పనిముట్ల శుభ్రత.

మూడోది అద్దాలు. బాధ కలిగించేది ఇదే. ఆపరేషన్ చక్కగా అయింది, లెన్స్ సరిగ్గా కూర్చుంది, కానీ ఒకటి రెండు పాయింట్ల పవర్ తేడా మిగిలింది. ఆపరేషన్‌కు ముందు కంటిని కొలిచి ఆ మనిషికి తగిన పవర్ లెన్స్ వేయాలి. అందరికీ ఒకే పవర్ లెన్స్ వేసేసిన రోజులూ ఉన్నాయి. నెలన్నర తరువాత వచ్చి చూపించుకుంటే అద్దాలు రాసిచ్చేవారు, ఆయన రాలేదు. కొన్ని వందల రూపాయల కళ్ళజోడు లేక, వేలు ఖర్చు పెట్టి చేసిన పని సగంలో ఆగిపోయింది. ఏ ఆసుపత్రి రిజిస్టరూ దీన్ని నష్టంగా చూపించదు.

నాలుగోది ఏడాదికో రెండేళ్ళకో వచ్చేది. లెన్స్ వెనక పొర మసకబారుతుంది. ‘మళ్ళీ శుక్లం వచ్చింది, ఆపరేషన్ ఫెయిలైంది’ అని ఊళ్ళో అనుకుంటారు. నిజానికి లేజర్‌తో కొన్ని నిమిషాల్లో తీసేయగలిగే పొర అది. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేక ఒక పెద్దావిడ మళ్ళీ చీకట్లోకి వెళ్ళిపోతుంది. ఆవిడను చూసి పక్కింటి ఇద్దరు ఆపరేషన్‌కు భయపడతారు.

నాలుగు కథలకు నాలుగు వేర్వేరు మందులు, నాలుగు వేర్వేరు ఖర్చులు. చూపు ఎంత అన్నదాని పక్కనే, తక్కువగా ఉంటే ఎందుకన్నది కూడా రాసుకునే ఆసుపత్రి తన డబ్బును ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటుంది. రాసుకోని ఆసుపత్రి ఇంకో ఖరీదైన యంత్రం కొంటుంది.

రాసుకోవడం వల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి మదురై మంచి చోటు. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఇప్పుడు దక్షిణాదిలో చాలా ఊళ్ళకు పెరిగింది. 2019 నుంచి తిరుపతిలోనూ ఉంది. పేదలకు ఉచితంగా లేదా చాలా తక్కువ ఖర్చుతో చేస్తారన్న పేరు అందరికీ తెలుసు. అంతగా తెలియనిది, అక్కడ ఆపరేషన్లో వచ్చిన ఇబ్బందులను ఎంత పట్టుదలగా రాసుకుంటారన్నది.

శుక్లం ఆపరేషన్‌కు అన్నిటికన్నా భయపడాల్సిన ఇబ్బంది కంటి లోపల ఇన్ఫెక్షన్. మూడో రోజో ఐదో రోజో కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, ఉన్న చూపూ పోతుంది. అదృష్టవశాత్తూ చాలా అరుదు. ఆ అరుదుతనమే దాన్ని అర్థం చేసుకోనివ్వదు. ఆపరేషన్ చివర్లో కంటి ముందు గదిలోకి మాక్సిఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ కొద్దిగా ఎక్కిస్తే ఇది తగ్గుతుందా అన్నది ప్రశ్న. అరవింద్ డాక్టర్లు తమ ఆసుపత్రుల్లోని ఆరు లక్షలకు పైగా ఆపరేషన్ల రికార్డులు తీసి చూశారు. మందు ఎక్కించని 3,02,815 కళ్ళలో 214 కళ్ళకు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఎక్కించిన 3,14,638 కళ్ళలో 64కు వచ్చింది. లక్షకు 70 ఉన్నది 20కి దిగింది.

ఇదే ప్రశ్నను ఒక్క డాక్టరు వైపు నుంచి చూద్దాం. ఏడాదికి 500 ఆపరేషన్లు చేసే డాక్టరుకు, పాత లెక్క ప్రకారం, సుమారు మూడేళ్ళకు ఒక ఇన్ఫెక్షన్ కేసు ఎదురవుతుంది. మందు మొదలుపెట్టాక పదేళ్ళకు ఒకటి. తన అనుభవాన్ని బట్టి మాత్రమే నడిచే మనిషికి ఈ తేడా జీవితంలో తెలిసే అవకాశమే లేదు. ఎంత మంచి చేతి వాటం ఉన్నా, ఎంత నిజాయితీ ఉన్నా తెలియదు. అందరి లెక్కలూ ఒక చోట చేరితేనే కనిపించే నిజాలు కొన్ని ఉంటాయి. ఇది రెండు గుంపులను చీట్లేసి విడదీసి చేసిన పరీక్ష కాదు, రికార్డుల ఆధారంగా చేసిన పోలిక. ఆ పరిమితి ఉన్నా, యూరప్‌లో వేరే యాంటీబయాటిక్‌తో చీట్లేసినట్టు గుంపులు విడదీసి చేసిన పెద్ద పరీక్ష కూడా ఇదే దిక్కు చూపించింది. మందు ఖర్చు ఆపరేషన్ ఖర్చులో చాలా చిన్న భాగం. కాపాడిన కన్ను ఒక మనిషిది.

విలువ అన్న మాటకు అసలు అర్థం ఇక్కడ దొరుకుతుంది. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్, ఎలిజబెత్ టైస్‌బర్గ్ కలిసి 2006లో ముందుకు తెచ్చిన వాదన ప్రకారం విలువ అంటే రోగికి దక్కిన ఫలితాన్ని, దాని కోసం అయిన మొత్తం ఖర్చుతో భాగిస్తే వచ్చేది. ఖర్చు తగ్గితే విలువ పెరిగినట్టే కదా అని వెంటనే అనిపిస్తుంది. పైన ఉన్న ఫలితం కూడా పడిపోతే పెరగదు. మొత్తం ఖర్చు అన్నప్పుడు ఆసుపత్రి బిల్లు ఒక్కటే కాదు. తోడు వచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలి, ఊరి నుంచి రెండు బస్సులు మారిన చార్జీలు, పని పాడైతే రెండోసారి ఆపరేషన్‌కు అయ్యేది, చూపు రాకపోతే ఆ మనిషిని కనిపెట్టుకుని ఇంట్లో ఉండిపోయే కోడలి రోజులు, అన్నీ అందులోకే వస్తాయి. చౌకగా చేసి చెడగొట్టిన ఆపరేషన్ కన్నా ఖరీదైనది లేదు.

ఫలితం అన్న మాటలో కూడా ఏది కొలుస్తామన్నది చూసుకోవాలి. జర్మనీలోని హాంబర్గ్‌లో 2005లో మొదలైన మార్టిని క్లినిక్ ప్రొస్టేట్ క్యాన్సర్‌కు మాత్రమే వైద్యం చేస్తుంది. ఆపరేషన్ తరువాత ఎంతమంది బతికి ఉన్నారన్నది చూస్తే దానికీ, ఆ దేశ సగటుకూ పెద్ద తేడా లేదు. ఏడాది తరువాత మూత్రం మీద పూర్తి అదుపు ఎంతమందికి ఉందని అడిగితే, క్లినిక్‌లో 93 శాతం దాటింది, దేశ సగటు 57 దగ్గరే ఆగింది. బతికాడా లేదా అని మాత్రమే అడిగి ఉంటే రెండు చోట్లా వైద్యం ఒకటే అనిపించేది. ఇంటికి వెళ్ళిన మనిషి ప్యాడ్ పెట్టుకోకుండా బయటికి వెళ్ళగలుగుతున్నాడా అని అడిగితే గానీ తేడా బయటపడలేదు.

కంటి విషయంలో ఇలాంటి ప్రశ్నలు అడగడం స్వీడన్‌లో బాగా సాగింది. అక్కడ 1992 నుంచి శుక్లం ఆపరేషన్లకు జాతీయ రిజిస్టర్ ఉంది. బోర్డు పరీక్షతో పాటు తొమ్మిది ప్రశ్నల చిన్న పత్రం వాడతారు, ఆపరేషన్‌కు ముందొకసారి, తరువాత ఒకసారి. పేపర్ చదవగలుగుతున్నారా, ఎదురొచ్చిన మనిషిని గుర్తు పడుతున్నారా, కొట్లో ధరలు కనిపిస్తున్నాయా, ఎగుడు దిగుడు నేల మీద నడవగలుగుతున్నారా, అల్లిక, చెక్కపని లాంటి చేతి పనులు చేసుకోగలుగుతున్నారా, టీవీలో కింద వచ్చే అక్షరాలు చదవగలుగుతున్నారా. ముందు ఏ ఇబ్బందీ లేదని రాసినవాళ్ళకు ఆపరేషన్ చేసినందువల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. తొందరపడి చేసిన ఆపరేషన్లు ఎన్నో కూడా ఈ పత్రం చెప్పేస్తుంది. బోర్డు ఆ సంగతి చెప్పదు.

ఆ పత్రాన్ని తెచ్చి మన పల్లెలో పంచితే కుదరదు. పేపర్ చదవని మనిషిని పేపర్ గురించి అడిగి ఏం లాభం? అందుకే మన దేశం కోసం 33 ప్రశ్నలతో విడిగా ఒక పత్రం తయారుచేశారు. ఎండలోంచి ఇంట్లోకి వస్తే కాసేపు ఏమీ కనపడట్లేదా, ఎదురు వెలుతురు కళ్ళు మిరుమిట్లు గొలుపుతోందా, రాత్రిళ్ళు బయటికి వెళ్ళాలంటే భయమేస్తోందా, ఇంట్లోవాళ్ళకు భారమైపోయానని అనిపిస్తోందా, ఇలాంటివి ఉంటాయి అందులో. ఆఖరి ప్రశ్న చాలామంది నోట మాట రానివ్వదు. ఆపరేషన్ తరువాత అదే మనిషి దానికి ‘లేదు’ అని జవాబిస్తే, ఆ మార్పును ఏ బిల్లులోనూ రాయలేం. కానీ కొలవగలం.

కొలతంటే డాక్టర్లలో భయం ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. ఈ ఆలోచనను మొదట గట్టిగా పట్టుకున్న ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే బోస్టన్ సర్జన్, ప్రతి రోగినీ ఏడాది తరువాత పిలిచి ఫలితం చూడాలని, తప్పులతో సహా అచ్చు వేయాలని వాదించి తోటివాళ్ళకు దూరమయ్యాడు. పేరున్న ఆసుపత్రిలో ఉద్యోగం వదులుకుని, తన సొంత చిన్న ఆసుపత్రి లెక్కలను బయటపెట్టాడు: 1911 నుంచి 1916 వరకు 337 మంది రోగులు, 123 పొరపాట్లు. వందేళ్ళు దాటినా ఇలా తన పొరపాట్ల పట్టికను తనంత తానుగా అచ్చు వేసే ఆసుపత్రి అరుదే.

న్యూయార్క్ రాష్ట్రం 1989లో గుండె బైపాస్ ఆపరేషన్ల తరువాత మరణాలను ఆసుపత్రుల వారీగా సేకరించడం మొదలుపెట్టింది. 1991లో ఒక పత్రిక కోర్టుకు వెళ్ళి సర్జన్ల పేర్లతో సహా లెక్కలు తెచ్చుకుంది. రోగుల తీవ్రతను లెక్కలోకి తీసుకుని చూస్తే 1989 నుంచి 1992కి మరణాలు 41 శాతం తగ్గాయి. అయితే అందులో కొంత, పరిస్థితి విషమించినవాళ్ళను సర్జన్లు ముట్టుకోకపోవడం వల్ల వచ్చిందేనని పెద్ద వివాదం నడిచింది. ఈ ప్రమాదం శుక్లం విషయంలోనూ నిజమే. బాగా ముదిరి తెల్లబడిపోయిన శుక్లం, ఉన్నది ఒకే కన్ను, షుగర్ అదుపులో లేని మనిషి. ఇలాంటివాళ్ళను తీసుకునే ప్రభుత్వ ఆసుపత్రిని, ముప్పావు చూపు ఉండగానే వచ్చే వాళ్ళకు చేసే నగరం క్లినిక్‌తో ఒకే తక్కెడలో తూచితే అన్యాయం. ముందు కంటి పరిస్థితి ఏమిటో రాయకుండా తరువాతి చూపును మాత్రం ప్రకటించడం కన్నా అసలు ప్రకటించకపోవడం మేలు. పేర్లతో బయటపెట్టడం కన్నా ముందు చేయాల్సిన పని, ఎవరి అంకెలు వాళ్ళకు నెలనెలా చూపించడం. పక్క డాక్టరుకు సంచి చిరగడం వందకు ఒకటి, తనకు నాలుగు అని తెలిసిన మనిషి ఎవరూ చెప్పకుండానే పక్క గదిలోకి వెళ్ళి నిలబడి చూస్తాడు.

ఇక అసలు చిక్కు, మళ్ళీ రాని రోగి. కంటికి చూపు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కట్టు విప్పిన మర్నాడు చూసింది ఆఖరి ఫలితం కాదు. ఆరు వారాలకు రమ్మంటే సగం మంది రాని చోట్లున్నాయి. మరి కొలత ఎలా? దీని మీద ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల్లోని 40 ఆసుపత్రుల్లో, 3,700 మందికి పైగా రోగులతో ఒక అధ్యయనం జరిగి 2013లో వెలువడింది. రానివాళ్ళను వెతికి పట్టుకుని మరీ పరీక్షించారు. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో చూసిన చూపును బట్టి ఆసుపత్రుల పనితీరును పోల్చినా, ఆరు వారాల తరువాతి చూపును బట్టి పోల్చినా, చిత్రం చాలావరకు ఒకటేనని తేలింది. ఒక్కో మనిషికి అద్దాల కోసం ఆరు వారాల పరీక్ష కావాల్సిందే. ఆసుపత్రి పని బాగుందో లేదో తెలుసుకోవడానికి మాత్రం డిశ్చార్జి రోజు అందరినీ బోర్డు ముందు కూర్చోబెట్టినా చాలు. రోగులు తిరిగి రారు కాబట్టి కొలవలేమన్న సాకు ఇక్కడితో పోయింది.

మన రెండు రాష్ట్రాల్లో కంటి వైద్యం మీద ప్రభుత్వాలు డబ్బు పెట్టడం లేదనలేం. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు తొలి విడతలో కోటీ యాభై లక్షల మందికి పైగా పరీక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో అదే పేరుతో పథకం వచ్చింది. ఎంత పెద్ద పనులో ఆ అంకెలే చెబుతాయి. ఇచ్చిన కళ్ళజోళ్ళలో ఆరు నెలల తరువాత ముక్కు మీద ఎన్ని ఉన్నాయి, పెట్టెలో ఎన్ని ఉన్నాయి, ఆపరేషన్‌కు రాసిన చీటీలు ఎన్ని కళ్ళకు చూపుగా మారాయి అన్న రెండో లెక్క కూడా వాటి పక్కన చేరాలి. మొదటి లెక్కకు లక్షల మందిని తిప్పిన యంత్రాంగానికి, రెండో లెక్క కోసం మండలానికి వంద ఇళ్ళు తిరగడం అసాధ్యం కాదు.

ఇది కంటి దగ్గరే ఆగే మాట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5. ఎన్ని కోతలో తెలిసింది గానీ, వాటిలో ఎన్ని తల్లికో బిడ్డకో నిజంగా మేలు చేశాయో చెప్పే కొలత ఆ పక్కన లేదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ అని డబ్బు చెల్లించే పద్ధతి మీదే నిలబడింది. పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచిన పథకం అది. కానీ ప్యాకేజీ డబ్బు పని జరిగినందుకు వస్తుంది, పని ఫలించినందుకు కాదు. ఆయుష్మాన్ భారత్‌ను నడిపే జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ 2023 జనవరిలో ఇందులో మార్పు తెస్తామంది. ఆసుపత్రులను ఐదు కొలతలతో చూస్తామని చెప్పింది: రోగి సంతృప్తి, మళ్ళీ చేరాల్సి వచ్చినవాళ్ళ శాతం, చేతి నుంచి పెట్టుకున్న ఖర్చు, రుజువైన ఫిర్యాదులు, వైద్యం తరువాత రోగి జీవితంలో వచ్చిన మెరుగు. ఐదో కొలత అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా అవసరమైనది. అందరికీ ఒకే రకం ప్రశ్నలు వేసి మార్కులు వేస్తే అది ఇంకో ఫారం అయిపోతుంది. కంటికి కంటి ప్రశ్నలు, మోకాలికి మోకాలి ప్రశ్నలు వేయాలి.

దారి లేక కాదు. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో గ్రామీణ కేంద్రం పెట్టినప్పటి నుంచి, పెద్దాసుపత్రికి కింద చిన్న కేంద్రాలు, వాటి కింద సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ అన్న పద్ధతిని పెంచుకుంటూ వచ్చింది. విజన్ సెంటర్‌లో డాక్టరు ఉండడు. శిక్షణ పొందిన ఒక యువతో యువకుడో, ఒక బోర్డు, ఒక అద్దాల పెట్టె ఉంటాయి. ఆరు వారాల పరీక్షకు అంతకు మించి అక్కర్లేదు. జిల్లా కేంద్రానికి రమ్మంటే రాని పెద్దావిడ, పక్క ఊరికి రమ్మంటే సంతరోజున వస్తుంది.

ప్యాకేజీ డబ్బులో కొంత భాగాన్ని ఆ రోజు దాకా ఆపి ఉంచొచ్చు. రోగి దగ్గరున్న జోడుతో చూపు ఎంత, తక్కువైతే నాలుగింటిలో ఏ కారణం, ఇచ్చిన అద్దాల పవర్ ఎంత అన్న మూడు గళ్ళు నిండాక ఆసుపత్రికి మిగతాది విడుదల చేయొచ్చు. చూపు తక్కువ వచ్చిందని కోత పెట్టకూడదు, పెడితే న్యూయార్క్ కథే మళ్ళీ వస్తుంది. గళ్ళు ఖాళీగా ఉంటేనే ఆపాలి. అందులోంచే ఆ పెద్దావిడకు, తోడు వచ్చినవాళ్ళకు బస్సు చార్జీలు, ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. ఆరు వారాలకు మనిషి రాకపోవడానికి కారణం చాలాసార్లు ఆ చార్జీలే, ఆ కూలే.